బట్టను దాచుకున్నారు, బట్ట పుట్టిన ఊరిని వదిలేశారు: కళాచరిత్రకారులకు, మ్యూజియం అధికారులకు పెడన నుంచి బహిరంగ లేఖ

కళాచరిత్ర బోధించే అధ్యాపకులకు, పరిశోధకులకు, దేశ విదేశాల్లో మ్యూజియంలు నడిపే అధికారులకు, హస్తకళల వ్యవహారాలు చూసే పెద్దలకు,

నమస్కారం.

నేను కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దకం పనిచేసే ఇంట్లో పుట్టి పెరిగాను. ఇప్పుడు కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతున్నాను. ఈ లేఖలోని విషయాలు మా వాళ్లందరం కూర్చుని మాట్లాడుకున్నవి. వీటినే ఇంతకుముందు ఒక పెద్ద మ్యూజియానికి రాశాం, ఒక విశ్వవిద్యాలయ విభాగానికి కూడా రాశాం. మ్యూజియం నుంచి ఉత్తరం అందిందని ఒక ఆటోమేటిక్ మెయిల్ వచ్చింది, అంతకుమించి ఏమీ రాలేదు. విభాగం వాళ్లు సిలబస్ కమిటీ ముందు పెడతామన్నారు. ఆ కమిటీ కూర్చుందో లేదో మాకెవరూ చెప్పలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాం.

మేం అడిగింది పెద్ద విషయమేమీ కాదు. మా ప్రాంతంలో తయారైన పాత బట్టల కింద మీరు పెట్టే వివరంలో సాధారణంగా ఉండేది ఇదీ: కోరమాండల్ తీరం, 18వ శతాబ్దం, నూలు బట్ట, అద్దకం, పొడవు, వెడల్పు. ఆ పక్కనే అది ఏ దొరగారి ఇంట్లో తెరగా వేలాడిందో, ఎవరు మ్యూజియానికి దానంగా ఇచ్చారో పేర్లతో సహా ఉంటుంది. కోరమాండల్ తీరం అంటే మన తూర్పు తీరం, వందల మైళ్ల పొడవు. అందులో ఏ ఊరు, ఏ నది నీళ్లు, ఏ వేరుతో వచ్చిన ఎరుపు, ఎవరి చేతులు అన్నవి ఉండవు. పేర్లు దొరకవని మీరంటారు. వ్యక్తుల పేర్ల విషయంలో అది చాలాచోట్ల నిజమే. ఊరి సంగతి, నీటి సంగతి, వేరు సంగతి అలా కాదు. అవి మీ దగ్గరున్న కాగితాల్లోనే ఉన్నాయి.

ఈమధ్య కళాచరిత్రలో వలస పాలన, స్థలం, సమాజం, పర్యావరణం అనే మాటలు బాగా వినబడుతున్నాయి. వాటి మీద సెమినార్లు జరుగుతున్నాయి, ప్రత్యేక సంచికలు వస్తున్నాయి. మాకు సంతోషమే. మా పక్కనే ఉన్న మచిలీపట్నం రేవు పేరుతో లోకానికి తెలిసిన మా బట్టలో ఆ నాలుగూ ఒకేచోట ఉన్నాయి కాబట్టి ఆ చరిత్రను కొంచెం దగ్గరగా చూడమని కోరుతున్నాం.

డచ్చి వాళ్లు 1605లో, ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ వాళ్లు 1611లో మచిలీపట్నంలో దిగారు. అప్పుడు ఈ రేవు గోల్కొండ కుతుబ్‌షాహీలది. ఇంగ్లిష్ వాళ్లకీ డచ్చి వాళ్లకీ మొదట కావలసింది తూర్పు దీవుల (ఇప్పటి ఇండోనేషియా) లవంగాలు, జాజికాయ. ఆ దీవుల వాళ్లు వాటికి బదులుగా కోరమాండల్ బట్ట అడిగారు. అంటే మన తీరపు అద్దకం బట్ట సుగంధ ద్రవ్యాల వ్యాపారానికి డబ్బుగా పనిచేసింది. ఇరాన్‌కీ ఇదే బట్ట వెళ్లింది, సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజాస్థానానికీ కోరమాండల్ నుంచి ప్రత్యేకంగా చేయించిన బట్టలు వెళ్లాయి. యూరప్‌కు ఇది చేరాక అక్కడి ఇళ్ల మంచాల మీద, గోడల మీద, ఒంటి మీద పరుచుకుంది. వాళ్ల నేతగాళ్లు గోల పెట్టేదాకా పోయింది. ఫ్రాన్స్ 1686లో అద్దకం బట్టల మీద నిషేధం పెట్టి 1759 దాకా ఉంచింది. ఇంగ్లండ్ 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా గట్టి చట్టం చేసింది.

నిషేధం ఒకవైపు ఉండగానే, మరోవైపు ఈ పని ఎలా చేస్తారో తెలుసుకునే ప్రయత్నాలు జరిగాయి. 1734 ప్రాంతంలో బోల్యో అనే ఫ్రెంచి నావికాధికారి పుదుచ్చేరిలో అద్దకం జరుగుతుండగా పక్కన నిలబడి చూసి, ఒక్కో దశ అయ్యాక ఒక్కో ముక్క కత్తిరించుకుని వివరం రాసుకున్నాడు. ఆ ముక్కలు ఇప్పటికీ పారిస్‌లో ఉన్నాయి. 1742లో ఫాదర్ కేర్దూ అనే జెస్యూట్ మతబోధకుడు ఇదే పని మీద పెద్ద ఉత్తరం రాశాడు. తాను క్రైస్తవ మతంలోకి మార్చినవాళ్లలో అద్దకం పనివాళ్లున్నారని, వాళ్లను అడిగి తెలుసుకున్నానని తానే చెప్పుకున్నాడు. కేర్దూ పేరు ఈ రోజు ప్రపంచంలో ఈ సబ్జెక్టు చదివే ప్రతివాళ్లకూ తెలుసు. ఆయనకు చెప్పినవాళ్ల పేరు ఒక్కటీ తెలియదు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే 1746లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని మ్యూలూజ్‌లో, 1760లో పారిస్ దగ్గర జూయీలో అద్దకం కార్ఖానాలు వచ్చాయి. 1783లో థామస్ బెల్ రోలర్‌తో బట్ట మీద అచ్చు వేసే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. చేత్తో అచ్చు అద్దే మనిషి దానితో పోటీ పడలేడు.

1866లో లండన్‌లోని ఇండియా మ్యూజియం పక్షాన ఫోర్బ్స్ వాట్సన్ భారతదేశపు బట్టల నమూనాలను 18 సంపుటాలుగా తయారుచేయించాడు. అందులో 700 నమూనాలు. అసలు బట్టలనే కత్తిరించి, కాగితాలకు అతికించి, పక్కన కొలతలు రాశారు. మద్రాసు ప్రెసిడెన్సీ బట్టలు కూడా అందులో ఉన్నాయి. అలాంటి సెట్లు 20 చేసి, 13 బ్రిటన్‌లో ఉంచి, 7 ఇండియాకు పంపారు. బ్రిటన్ మిల్లుల వాళ్లు వీటిని చూసి ఇండియా జనానికి ఏం నచ్చుతుందో తెలుసుకుని, అదే రకం నేసి ఇక్కడ అమ్ముకోవాలన్నది ఉద్దేశం. ఆ మాట దాచలేదు కూడా. ఈ సంపుటాలను ఇప్పుడు అందమైన పాత వస్తువులుగా అద్దాల కింద చూపిస్తున్నారు. వాటి పక్కన ఈ ఉద్దేశాన్ని స్పష్టంగా రాయాలన్నది మా కోరిక.

ఇక నేల, నీళ్ల సంగతి. దీన్ని చెప్పకుండా మా బట్టను వివరించడం కుదరదు.

పాత మచిలీపట్నం ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. అది సముద్రానికి దగ్గరగా ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క, నేలమీద పాకినట్టుంటుంది. రంగంతా సన్నటి వేళ్లలోనే ఉంటుంది. వృక్షశాస్త్రంలో దాని పేరు ఓల్డెన్‌లాండియా అంబెల్లాటా. నేలలో గవ్వలు, నత్తగుల్లల సున్నం ఉన్నచోట, నీళ్లలో సున్నం ఉన్నచోట ఆ ఎరుపు బాగా తేలుతుంది. మచిలీపట్నంలో పనిచేసిన ఇంగ్లిష్ వర్తకుడు విలియం మెత్‌వోల్డ్ 17వ శతాబ్దంలోనే నిజాంపట్నం వైపు దొరికే చిరివేరు గురించి ప్రత్యేకంగా రాశాడు. డచ్చి వాళ్లు నిజాంపట్నంలోనూ గిడ్డంగి పెట్టుకున్నారు. కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండి ఈ తీరపు మొక్కలను బొమ్మలు గీయించాడు, 1795 నుంచి అవి లండన్‌లో పుస్తకాలుగా అచ్చయ్యాయి. ఆయన చూపులో అవి కంపెనీకి లాభం తెచ్చే సరుకు. మాకు అవి పని. ఆ రెండు చూపులూ పక్కపక్కన పెట్టి చెబితేనే అది పూర్తి చరిత్ర అవుతుంది.

అద్దకం ఎలా జరుగుతుందో మ్యూజియం బోర్డుల మీద రెండు వాక్యాల్లో ముగిస్తారు. కొంచెం ఓపిగ్గా చెబుతాను, ఎందుకంటే మేం అడిగేవన్నీ ఇందులోంచే వస్తాయి. ముడి బట్టను పేడ నీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరబెట్టి గంజి వదిలిస్తాం. తర్వాత కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో ముంచుతాం. కొందరు పాలు కూడా కలుపుతారు. పాలలో కొవ్వు ఉంటే రంగు పక్కకు పాకదు. ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి రోజుల తరబడి పులియబెడితే కసీం తయారవుతుంది. అది కరక్కాయ పట్టిన బట్ట మీద పడగానే నల్లబడుతుంది. నల్ల గీతలకు అదే. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లలో జిగురు కలిపి వేరే అచ్చుతో అద్దుతాం. అద్దినప్పుడు అక్కడ దాదాపు ఏమీ కనబడదు. ఎక్కడ అద్దామో తెలియడానికి కొంచెం రంగు కలుపుకోవలసి వస్తుంది. ఆ బట్టను కొన్ని రోజులు ఆరనిచ్చి కాలవకు తీసుకెళ్తాం. తప్పకుండా పారే నీళ్లలోనే ఉతకాలి. నిలవ నీళ్లలో ఉతికితే వదిలిన పటిక పక్కకు అంటుకుని, తర్వాత ఎరుపు వేరు వేసిన రాగి కాగులో ఉడకబెట్టినప్పుడు పువ్వుల మధ్య తెల్లగా ఉండాల్సిన చోటల్లా ఎర్ర మరకలు తేలతాయి. అన్ని రోజుల పని ఒక్క ఉతుకులో పోతుంది. ఉడికే కాగులో కర్రతో తిప్పుతుంటే, పటిక అద్దిన చోట, అప్పటిదాకా ఏమీ కనబడని చోట, ఎర్ర పువ్వు పైకి వస్తుంది. మా నాన్న ఆ సమయంలో ఎవరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు. మంట, నీళ్లు, వేరు మోతాదు మూడూ చూసుకుంటూ ఉండేవాడు.

అందుకే మీ అద్దాల పెట్టెలో ఉన్న బట్టలో నల్లమట్టి మీద పండిన పత్తి ఉంది, ఇసుక మీద పెరిగిన వేరు ఉంది, అడవి నుంచి వచ్చిన కరక్కాయ ఉంది, కృష్ణ నీళ్లున్నాయి. బ్రూక్లిన్ మ్యూజియంలో 17వ శతాబ్దం మొదటి భాగానికి చెందిన ఏడు పలకల కోరమాండల్ తెర ఒకటుంది. యూరప్ వాళ్లు, ఇరాన్ వాళ్లు, మన వాళ్లు, ఆగ్నేయాసియా వాళ్లు, అప్పుడు ఈ తీరంతో సంబంధమున్న అందరి బొమ్మలూ ఒక్కో పలక మీద ఒక్కో గుంపుగా ఉన్నాయి. వేసినవాళ్లు లోకాన్ని ఎంత బాగా గమనించారో దాంట్లో కనబడుతుంది. ఇలాంటి పనిని అజ్ఞాత హస్తకళ అని ఒక మాటతో సరిపెట్టడం న్యాయం కాదు.

మచిలీపట్నంలో డచ్చి వాళ్ల సమాధులున్నాయి. రాళ్ల మీద పేర్లు, తేదీలు, వంశ చిహ్నాలు చెక్కి ఉన్నాయి. పర్యాటకులు వచ్చి ఫోటోలు తీసుకుంటారు. ఆ డచ్చి వాళ్లను ఇక్కడికి రప్పించిన బట్టను చేసిన వాళ్ల గురించి ఊళ్లో ఎక్కడా ఒక రాయి లేదు.

ఇదంతా పాత కథ, ఇప్పుడు ఎవరికేం నష్టం అని అడగవచ్చు. నష్టం ఇప్పుడే, మా ఇళ్లలోనే జరుగుతోంది.

1. మా పాత డిజైన్లు మాకే అందవు. లండన్, ఆమ్‌స్టర్‌డామ్, టొరంటో, అహ్మదాబాద్‌లలో ఉన్న పాత బట్టల మీది తీగెలు, గండభేరుండాలు, చెట్ల బొమ్మలు ఈ తీరంలో పుట్టినవే. పట్నంలో చదువుకున్న డిజైనర్ మ్యూజియం ఫోటో ప్రింట్ తీసుకుని మా దగ్గరకు వచ్చి దీని ప్రకారం అచ్చు కొట్టించి అద్దిపెట్టమంటారు. చీర మీద పేరు ఆమెది పడుతుంది, మాకు కూలి పడుతుంది. ఆ డిజైనర్ మీద మాకు కోపం లేదు. ఆమెకు ఇంగ్లిష్ వచ్చు, ఏ వెబ్‌సైట్‌లో ఏముందో తెలుసు. మా అచ్చులు చెక్కేవాళ్లకు అది తెలియదు. టేకు చెక్క మీద వెంట్రుక సన్నం గీత తీయగల మనిషి, తన తాతల నాటి పని చూడాలంటే ఇంకొకరి ఫోన్‌లోనే చూడాలి.

2. అసలుకూ నకిలీకీ తేడా జనానికి తెలియడం లేదు. మిల్లులో స్క్రీన్ ప్రింట్ చేసిన పాలియెస్టర్ కలిసిన బట్ట మీద మా పువ్వు వేసి కలంకారీ అని అమ్ముతున్నారు. మేం రోజుల తరబడి చేసిన చీర ధర కంటే చాలా తక్కువకే అది దొరుకుతుంది. భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) మచిలీపట్నం కలంకారీకి ఉంది. అయినా కొనేవాళ్లకు ఏం చూడాలో ఎవరూ నేర్పలేదు. చేత్తో అద్దిన బట్టలో ఒక అచ్చు, ఇంకో అచ్చు కలిసే చోట సన్నటి తేడా ఉంటుంది. తిరగేస్తే వెనక వైపుకూ రంగు దిగి ఉంటుంది. ఇది చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. బడిలో చెప్పరు, మ్యూజియంలో చెప్పరు. నష్టం కొనేవాళ్లకూ ఉంది, మాకూ ఉంది.

3. నీళ్లు. మాకు పని ఉండేది కాలవ పారినన్నాళ్లే. వేసవిలో కాలవలు కట్టేస్తే ఉతకడానికి చోటు లేక పని ఆగిపోతుంది, కూలీలకు ఆ రోజులు అప్పు రోజులు. ఎగువ నీళ్లు ఆలస్యమైన ఏడాది ఆ అప్పు ఇంకా పెరుగుతుంది. మా పక్క మండలాల్లో పొలాలు చేపల చెరువులుగా, రొయ్యల చెరువులుగా మారాయి. ఉప్పదనం, మురుగు రెండూ కాలవల్లోకి వస్తున్నాయి. మరోవైపు మా ఉడకపెట్టిన నీళ్లు కూడా కాలవలోకే పోతున్నాయన్నది నిజం. ఊరివాళ్లు మమ్మల్ని తిట్టడంలోనూ న్యాయం ఉంది. ఈ గొడవ ఊళ్లో మాలో మేం తేల్చుకునేది కాదు. అద్దకం ఎలా చేస్తే నీళ్లు పాడవకుండా ఉంటాయో పాత పద్ధతులు తెలిసినవాళ్లు, రసాయన శాస్త్రం తెలిసినవాళ్లు కలిసి కూర్చుంటే తేలుతుంది. కళ, పర్యావరణం అని పెద్ద వ్యాసాలు రాసేవాళ్లు ఆ కూర్చోబెట్టే పని ఎందుకు చేయకూడదు?

4. చిరివేరు మా ఊళ్లో చాలామంది పిల్లలు చూసి ఎరగరు. 1868-69లో యూరప్‌లో కృత్రిమ ఆలిజరిన్ తయారైంది. వేరులోని రంగునే ఫ్యాక్టరీలో చేయడం అది. క్రమంగా అదే ఇక్కడి కాగుల్లోకీ వచ్చింది. ఇప్పుడు మాలో చాలామంది ఆలిజరిన్ వాడుతున్నారు. ఎరుపునిచ్చే మొక్కల రంగులు మంజిష్ఠ, సురుడు చెక్క వాడేవాళ్లూ ఉన్నారు గానీ ఖర్చు ఎక్కువ. వేరు తవ్వడం ఆగిపోవడంతో, ఏ ఇసుకలో ఏ వయసు వేరు తవ్వాలో తెలిసిన మనుషులు కూడా తగ్గిపోయారు. వేరు తవ్వినవాళ్లు అద్దకం కులాలవాళ్లు కారు, చాలా పేదవాళ్లు. కళాచరిత్రలో వాళ్లకు ఇంతవరకూ ఒక్క పేరా కూడా దక్కలేదు.

5. ఆడవాళ్ల పని లెక్కలోకి రాదు. కరక్కాయ దంచేది, బట్ట ఆరబెట్టేది, ఎండలో మళ్లీమళ్లీ నీళ్లు చల్లేది, అచ్చుతో నింపిన చోట చేత్తో సరిదిద్దేది ఎక్కువగా వాళ్లే. అవార్డు కాగితం మీద ఇంటి మగవాడి పేరు ఉంటుంది.

6. పిల్లలు ఈ పని వదిలేస్తున్నారు. విజయవాడ, హైదరాబాద్ వెళ్లి ఏదో ఒక ఉద్యోగం చూసుకుంటున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. తండ్రి పనిని పాఠ్యపుస్తకం చరిత్ర అనలేదు, చుట్టాలు గౌరవం అనలేదు, కూలి చూస్తే చాలదు. నా క్లాసులో పెడన నుంచి వచ్చిన కుర్రాడు యూరప్ పునరుజ్జీవన కాలపు చిత్రకారుల పేర్లు గడగడా చెబుతాడు. వాళ్ల ఇంటి కాగులో ఎరుపు ఎందుకు వస్తుందో పరీక్షలో ఎవరూ అడగరు కాబట్టి ఎప్పుడూ ఆలోచించలేదు.

పై కారణాల వల్ల మేం అడుగుతున్నవి ఇవి:

1. మా తీరపు బట్టల వివరాల్లో ఊరు రాయండి. ఖచ్చితంగా తెలియకపోతే ఏ ప్రాంతమో, ఎందువల్ల అలా అనుకుంటున్నారో రాయండి. ఏ రంగు ఏ మొక్క నుంచో పరీక్షలు చేసి చెప్పే పరికరాలు మీ దగ్గరున్నాయి, ఆ ఫలితాలూ రాయండి. అజ్ఞాత అన్న మాట తీసేసి, పేరు నమోదు చేయని అద్దకం పనివారు అని రాయండి. ఆ బట్ట మీ దగ్గరకు ఎలా వచ్చిందో, వ్యాపారమా, ప్రదర్శనా, కత్తిరించిన నమూనానా, ఒక్క వాక్యంలో చెప్పండి.

2. ఆ వివరాలు తెలుగులో కూడా పెట్టండి. తెలుగు నేలలో తయారైన వస్తువు గురించి తెలుగులో చదువుకునే హక్కు తెలుగువాళ్లకు ఉంది. అనువాదానికి డబ్బు లేదంటే మేం చేసి పెడతాం. పనిమాటలు మా దగ్గర అడగకుండా మాత్రం చేయకండి.

3. పెద్ద సైజు ఫోటోలు, బట్ట వెనక వైపు ఫోటోలతో సహా, పెడన, మచిలీపట్నం పనివాళ్లకు, కలంతో గీసే శ్రీకాళహస్తి పనివాళ్లకు ఉచితంగా ఇవ్వండి. వెనక వైపు ఎందుకంటే అచ్చు ఎక్కడ ఆగిందో, కలం ఎక్కడ మొదలైందో అక్కడే తెలుస్తుంది. ఫోర్బ్స్ వాట్సన్ సంపుటాల్లో మన తీరపు ముక్కలన్నిటి ఫోటోలూ ఒక సెట్టుగా చేసి పెడన గ్రంథాలయానికి పంపండి.

4. విశ్వవిద్యాలయాల కళాచరిత్ర సిలబస్‌లో ఈ బట్టను ఒక పూర్తి పాఠంగా పెట్టండి. చివరి యూనిట్‌లో ఇతర హస్తకళలు అన్న శీర్షిక కింద కాదు. విద్యార్థులను ఒక్క పూట టూర్‌గా తీసుకురాకండి. ఒక బట్ట మొదటి ఉతుకు నుంచి చివరి ఉతుకు దాకా ఉండి చూసేలా తీసుకురండి. నేర్పే పనివాళ్లకు గెస్ట్ లెక్చరర్‌కు ఇచ్చే భత్యమే ఇవ్వండి. శాలువా కప్పి పంపేస్తే సరిపోదు.

5. పర్యావరణం మీద పనిచేసే పరిశోధకులు ఈ తీరంలో చిరివేరు ఇంకా ఎక్కడ మొలుస్తోందో వెతికి మ్యాప్ చేయండి. వ్యవసాయ శాస్త్రవేత్తలను కలుపుకుని కొన్ని ఇసుక భూముల్లో సాగు చేసి చూడండి. నీలిమందు ఒకప్పుడు కడప ప్రాంతం నుంచి ఎంతో ఎగుమతయ్యేది. నేలనూ రైతునూ పిండకుండా ఇలాంటి రంగు పంటలు నిలబడతాయా అన్నది తేలాలి. రైతులతో కలిసి తేల్చండి, మాతో కలిసి తేల్చండి.

6. అద్దకం నీళ్లను శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంట్, కాలవ లేని రోజుల్లో పారే నీళ్లు దొరికే ఉతుకు తొట్లు పెడనలో కట్టండి. ఇది హస్తకళల శాఖ పెద్దలకు. ఇది కళకు సంబంధించిన ఖర్చు కాదని ఫైలు వెనక్కి పంపకండి. పారే నీళ్లు లేకపోతే ఈ కళే లేదని పైన చెప్పాను.

7. అచ్చులు చెక్కేవాళ్లు, కాగు దగ్గర నిలబడేవాళ్లు, ఆరబెట్టే ఆడవాళ్లు చెప్పేది వాళ్ల మాటల్లోనే రికార్డు చేయండి. పేర్లతో. వాళ్ల అనుమతితో. రికార్డు ఒక కాపీ ఊళ్లోనే ఉండాలి. కేర్దూకు చెప్పినవాళ్ల పేర్లు పోయినట్టు ఈసారి పోకూడదు.

ఇది చేయలేని పనేం కాదు. టొరంటోలోని రాయల్ ఒంటారియో మ్యూజియం 2020లో భారతీయ అద్దకం బట్టల మీద పెట్టిన ప్రదర్శనలో పాత బట్టలతో పాటు ఇప్పటి పనివాళ్ల పని కూడా చూపించింది. అలాంటిది మచిలీపట్నంలో ఒక చిన్న గదిలోనైనా పెట్టవచ్చు. చోటు వెతికే పని మేం చూసుకుంటాం.

జవాబు తెలుగులో రాసినా ఇంగ్లిష్‌లో రాసినా ఫర్వాలేదు, నేను చదివి అందరికీ వినిపిస్తాను. ఎవరైనా వచ్చి మాట్లాడదలిస్తే వేసవిలో కాలవలు కట్టేసిన రోజుల్లో రండి, పని ఆగి అందరూ ఇళ్ల దగ్గరే ఉంటారు. అద్దకం చూడాలంటే మాత్రం కాలవ పారే రోజుల్లో రావాలి. ఏ వారం బట్ట ఉతుకుతామో ముందే చెబుతాం.

ఇట్లు,
పెడన అద్దకం పనివారి తరఫున,
ఒక చరిత్ర అధ్యాపకురాలు